ఎనిమిదో కాజా

మా బావకి వీధివాళ్ళు పెట్టిన పేరు రెండించులు. అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉండేది గానీ ఎండకి వెలిసిపోయి చాలా కాలమైంది. ఎవరికి ఏం కుట్టినా రెండించులు వదులు పెడతాడు. చొక్కా అయినా, ప్యాంటైనా, దిండు గలీబైనా సరే. "దిండు కూడా పెరుగుతుందా మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే "దూది ఉబ్బుతుంది కదండీ" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నేను ఆయన బావమరిదిని. అదే కొట్లో మూల బల్ల నాది. కాజాలు, గుండీలు, అంచు మడతలు నా పని. పాతికేళ్ళుగా చేస్తున్నాను. చొక్కా ఎవరు కుట్టారని అడిగినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, కాజాలు ఎవరు కుట్టారని అడిగినవాడు ఇంకా పుట్టలేదు. గుండీ లేకపోతే పిన్నీసు పెట్టుకోవచ్చు, కాజా లేకపోతే గుండీ ఎక్కడ పెట్టుకుంటారో నాకు చెప్పండి. సరే, నా గోల పక్కన పెడదాం.

ఆ రెండించులకి అందరికంటే ఎక్కువ బలైంది బావ కూతురు, అంటే నా మేనకోడలు. ఆమెని పిచ్చుక అంటాం. ఆ పేరు కూడా బావ కత్తెర వల్ల వచ్చిందే. బడికి వెళ్ళే రోజుల్లో గౌను మోకాళ్ళు దాటి జానెడు కిందికి ఉండేది, చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. అంత గుడ్డలోంచి ఇంత తల బయటికి పెట్టి చూస్తుంటే గూట్లోంచి పిచ్చుక చూసినట్టే ఉండేది. "పెరుగుతుందిరా" అనేవాడు బావ. పెరిగేది, నిజమే. గౌను ఒంటికి సరిపోయే వేళకి మోచేతుల దగ్గర చిరిగేది. మర్నాటికల్లా ఇంకో రెండించుల గౌను తయారు. పదో తరగతి ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో ఉంది. అందులో పిచ్చుక ముఖంలో కోపం కనిపిస్తుంది, చేతులు కనిపించవు.

చదువైపోయి సొంతంగా సంపాదించిన మొదటి నెలలోనే పిచ్చుక రెడీమేడ్ చొక్కా కొనుక్కొచ్చింది. ఆ పూట మా బావ అన్నం తినలేదు. తలనొప్పి అన్నాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో కూతురికి ఒక్క జేబురుమాలైనా కుట్టి ఎరగడు. ఆమె అడగలేదు, ఈయన కుడతానని అనలేదు.

పిచ్చుక చేసే పని కంప్యూటర్లో బొమ్మలు గీసి వాటిని కదిలించడం. ఒక పెద్ద స్టూడియో వాళ్ళు ఉద్యోగం ఇస్తామని పిలిచారు. అయితే రెండు నిమిషాల బొమ్మల సినిమా తయారు చేసి ఇరవయ్యో తేదీ సాయంత్రం ఐదు లోపల పంపాలి. పోయిన ఏడాది కూడా పిలిచారు. అప్పుడు కంప్యూటర్ సగం పని చేసేసరికి గడువు దాటిపోయింది. రెండోసారి పిలవడమే గొప్ప, మూడోసారి పిలిచే మొహాలు కావు వాళ్ళవి. సినిమా కథ ఏమిటంటే, చొక్కా నుంచి ఊడిన ఒక గుండీ ఇల్లంతా దొర్లుతూ తన కాజాని వెతుక్కుంటుంది. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?

బొమ్మలు గీయడం ఒక ఎత్తు. వాటికి వెలుగునీడలు అద్ది ఒక్కొక్కటే పూర్తి చేసి బయటికి ఇవ్వడం ఇంకో ఎత్తు. ఆ రెండోది చేసేది గ్రాఫిక్స్ కార్డు. పిచ్చుక కంప్యూటర్లో ఉన్న ఒక్క కార్డుతో ఆ పనికి పదహారు రోజులు పడుతుంది. గడువు పదకొండు రోజులే ఉంది. ఆమె పాత ఆఫీసువాళ్ళు కొత్తవి తెచ్చుకుంటూ తీసేసిన కార్డులు రెండు ఇచ్చారు. మూడూ కలిస్తే ఐదు రోజుల ఎనిమిది గంటల్లో అయిపోతుందని లెక్క తేల్చింది. కానీ మూడింటినీ ఎక్కడ గుచ్చాలి? కంప్యూటర్ పెట్టె లోపల ఉండే పెద్ద పలకని మదర్‌బోర్డు అంటారు, భాగాలన్నీ దానికే గుచ్చుతారు. పిచ్చుక దగ్గర ఉన్న మదర్‌బోర్డుకి ఒక్క కార్డు పట్టే చోటే ఉంది. ఇంకోటి కొనాలి. ఆమెకేమో ఇంకా నాలుగు రోజుల బొమ్మలు మిగిలాయి, కుర్చీలోంచి లేచే వీలు లేదు.

"నేను వెళ్ళి చూసొస్తానమ్మా," అన్నాడు మా బావ.

పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది. "నీకు మదర్‌బోర్డంటే తెలుసా నాన్నా?"

"ఏముంది, మూడు పట్టాలి. పట్టిందా లేదా చూడ్డమేగా నా పని."

"మీ పట్టించడం సంగతి వీధి వీధంతా తెలుసు," అంది మా అక్క వంటింట్లోంచి.

పిచ్చుక ఏమనుకుందో, ప్రాసెసర్ పేరూ అదీ ఒక కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టింది. "సరిగ్గా సరిపోయేది తే నాన్నా. పెరగడానికి తేవద్దు," అంది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూతురు ఆయనకి అప్పజెప్పిన మొదటి పని అది. నాకు భయం వేసింది.

మా బావ ట్రయల్ లేకుండా ఏదీ చెయ్యడు. ముందు కార్డులకి టేపు పెట్టి కొలతలు తీశాడు. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, పేరు దగ్గర 'కార్డు, ముగ్గురు' అని రాశాడు. మందాన్ని ఛాతీ గడిలో వేశాడు. నడుము దగ్గర అడ్డగీత. ఆ తర్వాత కాలర్లకి వేసే బక్రం గుడ్డ తీసి, లోపల స్పాంజి కూరి, అచ్చం అదే కొలతకి మూడు గుడ్డ కార్డులు కుట్టాడు. ఆశ్చర్యం ఏమిటంటే వదులు పెట్టలేదు. కార్డుకి రెండేసి ఫ్యాన్లుంటాయి కాబట్టి వాటి చోట నా చేత రెండేసి కోటు గుండీలు కుట్టించాడు. మా అక్క వచ్చి చూసి, "బాగున్నాయి, వీటికి స్కూలెప్పుడు?" అని వెళ్ళిపోయింది.

కంప్యూటర్ షాపాయన్ని మేం పర్లేదాయన అంటాం. ఏమడిగినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట "పర్లేదు సార్". ఆయన ఒక మదర్‌బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా బావ సంచిలోంచి గుడ్డ కార్డులు తీసి, అసలు కార్డులు గుచ్చే స్లాట్ల మీద నిలబెట్టాడు. షాపులో ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు.

"మూడూ పట్టాయి కదా సార్."

"పట్టాయి. ఈ నడిమిదాని ఫ్యాన్లు గాలి ఎటునుంచి పీల్చుకుంటాయండీ?"

"పక్కనుంచి సార్."

"పక్కన ఏముంది?"

పర్లేదాయన వంగి చూశాడు. "ఇంకో కార్డు."

"చిటికెన వేలు కూడా దూరట్లేదు. మరి ఊపిరెలా ఆడుతుంది?"

"పర్లేదు సార్. అందరూ ఇదే తీసుకెళ్తారు."

"నిల్చున్నప్పుడు అందరికీ ప్యాంటు సరిపోతుందండీ. కూర్చుంటేనే తెలుస్తుంది," అని బావ గుడ్డ కార్డులు సంచిలో వేసుకుని వచ్చేశాడు. మొదటి రోజు అలా గడిచింది.

రెండో రోజు చూపించిన బోర్డులో స్లాట్ల మధ్య ఎడం బాగానే ఉంది. పర్లేదాయన సంతోషించాడు. బావ మాత్రం సూదిలో దారం ఎక్కించే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో స్లాట్‌లోకీ తొంగి చూశాడు. మొదటి రెండింట్లో బంగారు రంగు పళ్ళు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నాయి. మూడోదాంట్లో మొదట కాసిని ఉన్నాయి, ఆపైన అంతా ఖాళీ.

"ఇది ఉత్తుత్తి జేబు!" అని అరిచాడు. "పైన మూత కుట్టి లోపల మూసేశారు. ఇలాంటివి నేనే వందలు కుట్టాను, నాకు చెప్తారా?"

"అది పావు వంతు వేగంతో పనిచేస్తుంది సార్. పర్లే..."

"పావు జేబులో చెయ్యి పెట్టుకుంటారా మీరు?"

మూడో రోజు పర్లేదాయన మమ్మల్ని చూసి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. కాస్సేపటికి, వీళ్ళు కదిలేలా లేరని అర్థమై బయటికొచ్చాడు. మూడు స్లాట్లూ నిండా పనిచేసేది, మధ్య ఎడం ఉండేది ఒకటుందనీ, మర్నాడు తెప్పిస్తాననీ చెప్పాడు. ఆయన గొంతులో పౌరుషం వినిపించింది.

నాలుగో రోజు కొట్లో పని ఉండి నేను వెళ్ళలేదు. బావ వెళ్ళాడు. బోర్డు వచ్చింది. గుడ్డ కార్డులు పెడితే రెండేసి కార్డుల మధ్య వేలు ధారాళంగా దూరింది. పర్లేదాయన ఈసారి పర్లేదు అనకుండా ఒక మంచి మాట చెప్పాడట.

"సార్, పెట్టె వెనక కార్డుల మొహాలు బయటికి రావడానికి అడ్డంగా సన్నటి చీలికలుంటాయి, ఒకదాని కింద ఒకటి. ఒక్కో కార్డుకి రెండు చీలికలు కావాలి. వదులు కోరారు కాబట్టి మధ్యలో ఒక్కోటి ఖాళీ పోతుంది. మొత్తం ఎనిమిదుండాలి. మీ పెట్టెకెన్నున్నాయో చూసుకోండి."

బావ కొట్టుకి ఫోన్ చేశాడు. నేను చేతిలో ఉన్న చొక్కా పక్కన పడేసి, కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళి, పెట్టె తిప్పి లెక్కపెట్టాను.

"ఏడు," అన్నాను.

"సరే," అన్నాడు.

ఇక్కడ మా కొట్టు మర్యాద ఒకటి చెప్పాలి. చొక్కాకి కాజాలు లెక్క చెప్పేటప్పుడు కాలర్ కాజాని మేం లెక్కలో వెయ్యం. అది ప్రతి చొక్కాకీ ఉండేదే, మళ్ళీ చెప్పడమెందుకని. నేను ఆరంటే ఆయన ఏడని రాసుకుంటాడు. ఏడంటే ఎనిమిది. పాతికేళ్ళుగా ఒక్కసారీ తేడా రాలేదు. ఆ రోజు నేను పెట్టెకి ఉన్నవన్నీ లెక్కపెట్టి ఏడన్నాను. రేకు పెట్టెకి కాలర్ ఎక్కడుంటుంది? ఆయన మాత్రం అలవాటు కొద్దీ ఒకటి కలుపుకుని, "ఎనిమిదే ఉన్నాయండీ, ఇచ్చెయ్యండి," అని బోర్డు చంకన పెట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు పద్నాలుగో తేదీ. పొద్దున్నే పిచ్చుక స్క్రూడ్రైవర్ పట్టుకుని హాల్లో కింద కూర్చుంది. బొమ్మలు గీయడం ముందు రోజే పూర్తి చేసింది. కొత్త బోర్డు బిగించింది. "ఊఁ, బాగుంది నాన్నా," అంది. బావ మీసం సవరించుకున్నాడు. మొదటి కార్డు కూర్చుంది. రెండోది కూర్చుంది. మూడోది సగం దిగి ఆగిపోయింది. పిచ్చుక నొక్కింది, ఒంచింది, తీసి మళ్ళీ పెట్టింది. పెట్టె వెనక్కి తిప్పి చూసింది. ఏడో చీలిక కింద నున్నటి రేకు ఉంది.

ఆ రోజూ మర్నాడూ సెలవులు, షాపులు మళ్ళీ తెరిచేది పదహారున. పని పదిహేనో తేదీ పొద్దున తొమ్మిదిలోపు మొదలవ్వకపోతే గడువుకి అందదు. రెండు కార్డులతో అయితే ఎనిమిది రోజులు. పెట్టె లేకుండా బల్ల మీదే పరిచేద్దామంటే, బరువు కార్డులు వెనక మరలు బిగించకపోతే ఒరిగి స్లాట్ విరుగుతుంది. పైగా మా అక్క పెంచే పిల్లి వెచ్చగా ఉన్న వస్తువు ఏది కనిపించినా దాని మీదే పడుకుంటుంది. ఇస్త్రీ పెట్టె మీద కూడా ఒకసారి ప్రయత్నించింది.

"మళ్ళీ పెద్దదే తెచ్చావు కదా నాన్నా," అంది పిచ్చుక. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాదే తప్పమ్మా," అన్నాడు బావ. నా వైపు చూడలేదు. ఏడని చెప్పింది నేనని ఆయనకి తెలుసు. పెళ్ళాం తమ్ముణ్ణి నలుగురిలో ఒక్క మాట అనడానికి అంతకంటే మంచి అవకాశం జన్మలో దొరకదు, అయినా అనలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఏడని చెప్పింది నేను," అన్నాను.

"ఏడే ఉన్నాయిగా మామయ్యా. నువ్వు సరిగ్గానే చెప్పావు."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. సరిగ్గా చెప్పాను," అని కాలర్ కాజా సంగతి వివరించాను. పిచ్చుక నా వైపూ వాళ్ళ నాన్న వైపూ మార్చి మార్చి చూసింది. మా అక్క తల బాదుకుంది. "వెతికి వెతికి ఒకరిని కట్టుకున్నాను, ఇంకోడు పుట్టుకతోనే వచ్చాడు," అంది.

అప్పుడు బావ లేచి కొట్లోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో కత్తెర ఉంది.

ఆ కత్తెర గురించి తెలియాలి మీకు. బావకి పని నేర్పిన మాస్టారు చేతి కత్తెర అది, మోచెయ్యంత పొడవు, కిలోన్నర బరువు. దాంతో గుడ్డ తప్ప ఇంకేదీ కోయకూడదు. కాగితం కోస్తే పదును పోతుందంటాడు. మా అక్క పెళ్ళైన కొత్తలో దాంతో పాల ప్యాకెట్ కోస్తే మూడు రోజులు మాట్లాడలేదు. నాకు పాతికేళ్ళలో అది ముట్టుకునే భాగ్యం కలగలేదు.

ఆ కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కోయి."

"బావా, అది రేకు!"

"కనపడుతోంది. కాజాలు కోసేది నువ్వేగా, ఎనిమిదోది కోయి."

పిచ్చుక లోపలి భాగాలన్నీ విప్పి, దుప్పటి పరిచిన మంచం మీద పెట్టబోయి, మళ్ళీ ఆలోచించి అట్టపెట్టెలో పెట్టింది. రేకు రజను ఒక్కటి పడినా బోర్డు చస్తుందట. బావ ఖాళీ పెట్టె మీద సుద్దతో గీత గీశాడు. గీసేటప్పుడు చెయ్యి ఆగింది. "ఎంత వదులు పెట్టనమ్మా?" అని అడిగాడు. జీవితంలో ఆ ప్రశ్న ఆయన ఎవరినీ అడగలేదు.

"ఏం వద్దు నాన్నా. గీతకి గీత."

కాజా కోసే చిన్న ఉలిని గీత మీద పెట్టి సుత్తితో కొట్టాను. నాలుగు దెబ్బలకి రేకు చిల్లు పడింది. అందులో కత్తెర దూర్చి నొక్కాను. అది చేసిన చప్పుడికి పిల్లి బీరువా ఎక్కింది. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్కో కోతకీ ఆయన భుజాలు ఎగిరి పడటం నాకు వెనకనుంచి కనిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటేసరికి చీలిక తెగింది. అంచులు పచ్చిగా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు కాబట్టి లోపలికి మడిచి, సుత్తితో అణిచి, ఆకురాయితో నున్న చేశాను. ఏడు చీలికలు ఫ్యాక్టరీవి, ఎనిమిదోది నాది. చూసినవాళ్ళకి నాదే బాగుందనిపిస్తుంది.

మూడో కార్డు దిగి కూర్చుంది. సాయంత్రం ఐదింటికి పిచ్చుక మీట నొక్కింది. మూడు కార్డుల ఫ్యాన్లూ తిరిగాయి. ఆమె వేళ్ళు మడిచి లెక్క వేసుకుని, "అంతా సవ్యంగా జరిగితే గడువుకి పదహారు గంటలు ముందే అయిపోతుంది," అంది.

"కొంచెం వదులుందన్నమాట," అన్నాడు బావ మెల్లిగా. పిచ్చుక నవ్వాపుకుంది.

తర్వాతి ఐదు రోజులూ బావ కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఇస్త్రీ పెట్టె వేడి చూసినట్టు వేలు తడుపుకుని కార్డుకి ఆనించబోతే మా అక్క ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. పదిహేడున పర్లేదాయన తనంతట తనే వచ్చాడు. కార్డుల మధ్య వేలు పెట్టకుండా వేలంత దూరంలో అరచెయ్యి పెట్టి చూశాడు. "గాలి బాగా ఆడుతోంది సార్," అని కూర్చుని నీళ్ళు తాగాడు. మేం వద్దన్న మొదటి బోర్డు ఇంకొకాయన పట్టుకెళ్ళాడట. నడిమి కార్డు కాలిపోయేంత వేడెక్కి రెండు గంటలకోసారి మొత్తం ఆగిపోతోందట. "పర్లేదు అన్నాను సార్, ఆయన రోజూ ఫోన్ చేసి తిడుతున్నాడు. ఆ గుడ్డ కార్డులు నాకో మూడు కుట్టిపెడతారా, షాపులో ఉంచుకుంటాను," అన్నాడు. బావ కుట్టిచ్చాడు. రెండించులు పెద్దవి కుట్టాడు. "కార్డులు ఏటేటా పెరుగుతున్నాయంట కదండీ," అన్నాడు. ఆ మాట నిజమేనని పర్లేదాయన ఒప్పుకున్నాడు.

సినిమా ఇరవయ్యో తేదీ పొద్దున్నే వెళ్ళింది. గుండీ చివరికి తన కాజాని వెతుక్కుని అందులో దూరుతుంది. అక్కడ నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. పది రోజులకి ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం వచ్చింది.

ఆ సాయంత్రం పిచ్చుక కొట్లోకి వచ్చింది. ఎనిమిదేళ్ళలో అటు రావడం అదే మొదలు. "నాన్నా, మొదటి రోజుకి చొక్కా కావాలి. కొలతలు తీసుకో," అని చేతులు చాచి నిలబడింది. బావ టేపు తీశాడు. భుజం కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు.

రేకు కోసిన కత్తెరని సానకిచ్చి పదును పెట్టించాం గానీ నడిమధ్యలో చిన్న నొక్కు ఉండిపోయింది. గుడ్డ కోసేటప్పుడు అక్కడ టిక్కుమని శబ్దం వస్తుంది. దాంతోనే కోశాడు. చొక్కా వేసుకుని పిచ్చుక అద్దం ముందు నిలబడింది. భుజాలు భుజాల దగ్గరే ఉన్నాయి. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. కొలిచి పోతపోసినట్టుంది. మా అక్క బావ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో చూసింది.

పిచ్చుకకి అనుమానం వచ్చింది. చొక్కా విప్పి లోపలి వైపు తిప్పి చూసింది. పక్క కుట్ల లోపల, ఇటొకటి అటొకటి, చక్కగా మడిచి, ఇస్త్రీ చేసి, కనపడకుండా దాచిన రెండించుల గుడ్డ.

"ఇదేంటి నాన్నా? ఇంక నేను పెరగనుగా."

"తెలుసమ్మా," అన్నాడు బావ. "ఉంటుందిలే అని."

ఆమె దాన్ని విప్పమనలేదు. మళ్ళీ వేసుకుని గుండీలన్నీ పెట్టుకుంది. ఆ చొక్కాకి కాజాలెన్నో, ఎవరు కుట్టారో మామూలుగానే ఎవరూ అడగలేదు. ఏడు. కాలర్‌ది కలిపే చెబుతున్నాను.